101కి ఫోన్ చేశాక, ఫైరింజన్ వచ్చేలోగా: హైదరాబాద్‌లో అగ్నిమాపక సేవలు, ఇంటి జాగ్రత్తలు

హైదరాబాద్‌లో ఎక్కడ నిప్పంటుకున్నా ఫోన్ చేయాల్సిన నంబర్ 101. 112కి చేసినా ఫర్వాలేదు. పోలీసు, ఫైర్, అంబులెన్స్ అన్నింటికీ అది ఉమ్మడి నంబర్, అక్కడి నుంచి ఫైర్ కంట్రోల్ రూంకి కబురు వెళుతుంది. రెండూ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవే నంబర్లు. ఇంతవరకు చాలామందికి తెలుసు. అయితే ఫైరింజన్ ఎంత త్వరగా వచ్చినా, ఇరుకు గల్లీలోని ఇంట్లో ఎవరు బతికి బయటపడతారనేది చాలావరకు అది రాకముందే తేలిపోతుంది. ఈ సంగతి మాత్రం ప్రమాదం జరిగిన రోజు గుర్తొచ్చి, వారం తిరిగేసరికి మరుగున పడిపోతుంది.

2025 మే 18, ఆదివారం ఉదయం ఆరు గంటల ప్రాంతంలో చార్మినార్‌కి కూతవేటు దూరంలో ఉన్న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచాయి. కింద నగల దుకాణాలు, పై అంతస్తుల్లో ఒక పెద్ద కుటుంబం. 17 మంది చనిపోయారు, వారిలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. మొఘల్‌పురా ఫైర్ స్టేషన్ అక్కడికి మరీ దూరమేమీ కాదు, ఫోన్ అందిన వెంటనే బండి బయలుదేరింది. తర్వాత మరిన్ని ఫైరింజన్లు వచ్చాయి, మంటలార్పే రోబోను కూడా దింపారు. ఫైర్ సిబ్బంది లోపలికి వెళ్లకముందే ఆ దారిన పోతున్న స్థానిక యువకులు షట్టర్ పగలగొట్టి, గోడకు కన్నం పెట్టి లోపలికి దూరే ప్రయత్నం చేశారు. అయినా లాభం లేకపోయింది. ఆ ఇంటికి ఉన్నది సొరంగం లాంటి ఒకే ఒక్క ప్రవేశం, దాని వెడల్పు రెండు మీటర్లు. అది దాటితే మేడ మీదికి ఒక మీటరు వెడల్పు మెట్లు. పొగంతా ఆ మెట్ల మీదుగానే పైకి ఎక్కింది. ఎక్కువ మంది కాలిన గాయాలతో చనిపోలేదు. పొగ పీల్చి, స్పృహ తప్పి ప్రాణాలు విడిచారు.

పాతబస్తీలో, నాంపల్లిలో, మెహిదీపట్నంలో, సికింద్రాబాద్‌లో ఇలాంటి కట్టడాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టక్కర్లేదు, ఏ గల్లీలో నిలబడి చూసినా కనిపిస్తాయి. గత కొన్నేళ్లలో నగరంలో జరిగిన పెద్ద ప్రమాదాలు వరుసగా చూస్తే ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 2022 మార్చి 23న బోయిగూడలో తుక్కు గోదాం మీది గదిలో నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంట, పైన ఉన్న లాడ్జిలో 8 మంది ప్రాణం తీసింది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు, అందరూ ఉద్యోగం కోసం నగరానికి వచ్చిన యువతీయువకులే. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో, కుటుంబాలు కాపురం ఉండే అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది చనిపోయారు. దాదాపు ప్రతిచోటా కింద వ్యాపారం, పైన మనుషులు. కిందికి రావడానికి ఉన్న దారిని పొగ ముందే ఆక్రమించింది.

ఫైర్ శాఖ తనిఖీ ఏ ఇంటికి వస్తుంది?

చాలామంది అనుకున్నట్టు ప్రతి భవనాన్నీ ఫైర్ శాఖ చూసి అనుమతి ఇవ్వదు. తెలంగాణలో నివాస భవనం ఎత్తు 18 మీటర్లు, వ్యాపార భవనం ఎత్తు 15 మీటర్లు ఉంటేనే ఫైర్ శాఖ నుంచి ఎన్‌ఓసీ కావాలి. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా స్థలాల్లాంటి జనం చేరే చోట్లకు నిబంధన ఇంకొంచెం గట్టిది. ఎత్తు 6 మీటర్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా ఎన్‌ఓసీ తీసుకోవాల్సిందే.

మన గల్లీల్లోని మామూలు ఇంటి సంగతి చూద్దాం. కింద ఒక అంతస్తు, పైన రెండు అంటే మొత్తం ఎత్తు పది మీటర్ల చుట్టుపక్కల. మూడో అంతస్తు వేసినా 18 మీటర్లకు చేరదు. అంటే కింద బట్టల దుకాణం, పైన అన్నదమ్ముల కాపురాలు ఉన్న ఇంటికి ఫైర్ ఎన్‌ఓసీ నిబంధన వర్తించదు. మెట్లు ఎంత వెడల్పున్నాయో, డాబా తలుపుకి తాళం ఉందో లేదో అడిగే అధికారి ఎవరూ ఆ ఇంటి గడప తొక్కరు. ఆ పని ఇంటి పెద్దే చేసుకోవాలి. అద్దె ఇల్లయితే యజమానిని అడగాలి. "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా" అనే జవాబు వస్తుంది. గుల్జార్ హౌజ్ భవనం కూడా ఎన్నో ఏళ్లుగా అలాగే నిలబడి ఉన్నదే.

నిబంధన వర్తించే చోట మాత్రం అడిగే హక్కు ఉంది, మొహమాటపడక్కర్లేదు. పిల్లల్ని చేర్చే ముందు స్కూల్ వాళ్లను ఫైర్ ఎన్‌ఓసీ చూపించమనవచ్చు. బస్తీల్లో చాలా స్కూళ్లు ఇళ్లుగా కట్టిన భవనాల్లోనే నడుస్తున్నాయి కాబట్టి ఈ ప్రశ్న ఫీజు ఎంత అనే ప్రశ్నంత ముఖ్యం. ఫంక్షన్ హాల్ బుక్ చేసేటప్పుడు కూడా అంతే. పెళ్లికో వలీమాకో హాల్ చూడటానికి వెళ్లినవాళ్లు స్టేజీ, ఏసీ, పార్కింగ్ చూసి వస్తారు. వెనక గేటు తెరిచి ఉంటుందా, తాళం వేస్తారా అని ఒక మాట అడగాలి. ఆడవాళ్ల వైపు మరీ జాగ్రత్తగా చూడాలి. పర్దా కోసం కట్టిన గుడ్డలు, డెకరేషన్ ప్యానెళ్లు చాలాసార్లు బయటికి పోయే తలుపునే కప్పేస్తాయి. పిల్లలు ఎక్కువగా ఉండేది కూడా అటువైపే. డెకరేటర్‌తో ముందే చెబితే తలుపు వదిలి కడతారు, దీనికి ఖర్చేమీ ఉండదు.

మంట కంటే ముందు పొగ

సోఫాలో ఫోమ్, పరుపు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫాల్స్ సీలింగ్, గోడలకు కొట్టిన చెక్క ప్యానెళ్లు. ఈ కాలం ఇళ్లలో కాలే సరుకు ఎక్కువ, అవి కాలితే వచ్చే పొగ చాలా విషపూరితం. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిద్రలో ఉన్న మనిషి దాన్ని పీలిస్తే మెలకువ రాకుండానే స్పృహ పోతుంది. వేడి పొగ పైకి ఎక్కుతుంది, పైకి పోవడానికి దానికి దొరికే సులువైన దారి మెట్లే. అందుకే కింది అంతస్తులో అంటుకున్నా రెండో అంతస్తులో ఉన్నవాళ్లకే ప్రమాదం ఎక్కువ.

దీనికి చవకైన మందు ఒకటుంది. బ్యాటరీతో నడిచే స్మోక్ అలారం. సీలింగ్‌కి బిగిస్తే పొగ తగలగానే గట్టిగా మోగుతుంది. మెట్ల దగ్గర ఒకటి, పడక గదుల బయట ఒకటి ఉంటే నిద్రలోని కుటుంబానికి రెండు మూడు నిమిషాలు ముందుగా తెలుస్తుంది. ఆ రెండు మూడు నిమిషాల్లోనే అందరూ కిందికి దిగిపోవచ్చు. ఇళ్లలో సీసీ కెమెరాలు పెట్టించుకునే అలవాటు బాగా పెరిగింది. దొంగ కోసం పెట్టే ఖర్చులో చిన్న భాగం పొగ కోసం పెడితే చాలు.

మెట్లు, గ్రిల్, డాబా తాళం

ఇంట్లో ముందుగా చూడాల్సింది మెట్ల కింద ఏముందో. చాలా ఇళ్లలో కరెంటు మీటర్ బోర్డు అక్కడే ఉంటుంది. దాని పక్కనే ఇన్వర్టర్ బ్యాటరీ, పాత పరుపులు, చెప్పుల స్టాండు, ఒక్కోసారి ఖాళీ గ్యాస్ సిలిండర్, ఇప్పుడు కొత్తగా ఎలక్ట్రిక్ స్కూటర్. నిప్పు పుట్టే వస్తువులూ కాలే వస్తువులూ అన్నీ ఒకేచోట, అదీ బయటికి పోయే ఏకైక దారిలో. మీటర్‌ను అంత సులువుగా మార్చలేరు, మిగతావన్నీ ఈ ఆదివారమే తీసేయొచ్చు. ఎలక్ట్రిక్ స్కూటర్‌ని మెట్ల కింద, అందులోనూ రాత్రంతా చార్జింగ్ పెట్టి పడుకోవడం అసలు మంచిది కాదు. బయట, గాలి ఆడేచోట, కంపెనీ ఇచ్చిన చార్జర్‌తోనే, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు చార్జ్ చేయాలి.

తర్వాతది కిటికీ గ్రిల్. దొంగల భయంతో, పిల్లలు పడిపోతారనే భయంతో ప్రతి కిటికీకీ, బాల్కనీకీ ఇనుప గ్రిల్ వెల్డింగ్ చేయించడం మామూలైపోయింది. భయం న్యాయమైనదే. కానీ మెట్లు మూసుకుపోయిన రోజు ఆ గ్రిల్ జైలు ఊచలవుతుంది. వీధి వైపు ఉన్న ఒక్క గ్రిల్‌కైనా లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపు పెట్టించాలి. వెల్డింగ్ షాపు వాడికి ఇది పూట పని. తాళం వేయాలనుకుంటే చెవి ఆ కిటికీ పక్కనే, పెద్దవాళ్ల చేతికి అందేలా మేకుకు వేలాడాలి. బీరువాలో దాస్తే ఆ తలుపు ఉన్నా లేనట్టే.

డాబా తలుపు సంగతీ అంతే. పక్కింటి డాబా ఆనుకుని ఉన్న గల్లీల్లో డాబా మీది నుంచి పక్కింటికి దాటడం చాలాసార్లు కుదురుతుంది. అది రెండో దారి. పొగ మెట్లలో నిండకముందే ఎక్కగలిగితేనే పనికొస్తుంది, అందువల్ల తాళం చెవి కోసం వెతికే టైమ్ ఉండదు. పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకుని ఉంచడం మంచిది. పిట్టగోడ ఎత్తుగా ఉంటే అటూ ఇటూ ఒక చిన్న ఇనుప నిచ్చెన చాలు.

కింది అంతస్తు కారఖానాకో గోదాంకో అద్దెకిచ్చే ఇళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పుల తయారీలో వాడే సొల్యూషన్, ఫర్నిచర్ పాలిష్, థిన్నర్, దూది, ప్లాస్టిక్ దాన, అత్తరు తయారీకి వాడే స్పిరిట్ లాంటివి ఇంటి కింద ఉంటే, నెలనెలా వచ్చే అద్దె ఎంతైనా ఆ బేరం నష్టమే. బజార్‌ఘాట్‌లో చనిపోయిన కుటుంబాలకు కింద జరిగే వ్యాపారంతో ఏ సంబంధమూ లేదు, వాళ్లు కేవలం పైన కాపురం ఉన్నారు. ఇక కారఖానాలోనే పనివాళ్లను, అందులోనూ పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లల్ని పడుకోబెట్టి బయట తాళం వేసుకుపోయే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. బోయిగూడ తర్వాత కూడా ఉండటం సిగ్గుచేటు. అలాంటిది కంటపడితే పోలీసులకు చెప్పడానికి 112 సరిపోతుంది.

కరెంటు

వేసవిలో ఏసీ కొంటారు, వైరింగ్ మాత్రం ఇరవై ఏళ్ల కిందటిదే ఉంటుంది. 1.5 టన్నుల ఏసీకి 16 ఆంపియర్ల పవర్ సాకెట్, విడిగా వైరు, విడిగా ఎంసీబీ కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ, ఫ్రిజ్, గీజర్ నడపకూడదు. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే అది హెచ్చరిక. వైరు మోయలేని లోడ్ పడుతోందని దాని అర్థం. వైరు మార్చకుండా దాని స్థానంలో పెద్ద ఆంపియర్ల ఎంసీబీ వేయమని ఎలక్ట్రీషియన్‌ని అడిగేవాళ్లున్నారు. అప్పుడు ఎంసీబీ పడిపోదు, వైరు గోడలోపల వేడెక్కి కాలుతుంది. కరెంటు బిల్లు మీద ఉన్న కాంట్రాక్టెడ్ లోడ్ కంటే ఇంటి వాడకం పెరిగితే డిస్కంకు దరఖాస్తు పెట్టి లోడ్ పెంచుకోవాలి. స్తంభం దగ్గర నిప్పురవ్వలు, మీటర్ దగ్గర కాలిన వాసన వస్తే 1912కి ఫోన్ చేయవచ్చు. ఎర్తింగ్ సరిగా ఉందో చూపించి, లీకేజీకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి బిగిస్తే షాక్ నుంచి కూడా రక్షణ దొరుకుతుంది. కరెంటు వస్తువు అంటుకుంటే మొదట మెయిన్ ఆపాలి. మెయిన్ ఆపకుండా నీళ్లు పోయడం చావుని పిలవడమే.

గ్యాస్, వంటిల్లు

వంట గ్యాస్ గాలి కంటే బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుని గది మూలల్లో నిలుస్తుంది. వాసన వచ్చిందంటే లైటు వేయకూడదు, వెలుగుతున్న లైటు ఆర్పకూడదు కూడా, ఎందుకంటే స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వద్దు. రెగ్యులేటర్ ఆపి, తీసి, సిలిండర్‌కి సేఫ్టీ క్యాప్ పెట్టి, తలుపులు కిటికీలు బార్లా తెరిచి, అందరూ బయటికి వచ్చాక అక్కడి నుంచి 1906కి ఫోన్ చేయాలి. అది అన్ని కంపెనీల గ్యాస్ లీకేజీకీ పనిచేసే ఎమర్జెన్సీ నంబర్. సిలిండర్ తీసుకునేటప్పుడు పైన పట్టీ మీద ఇంగ్లీషులో ఏ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే మార్చి వరకు, బి జూన్, సి సెప్టెంబర్, డి డిసెంబర్ వరకు. ఆ తేదీ దాటిన సిలిండర్‌ని వెనక్కి పంపవచ్చు. రబ్బరు గొట్టం ఐఎస్ఐ మార్కుదే వాడాలి, ఐదేళ్లకొకసారి మార్చాలి. పెద్ద సిలిండర్ నుంచి చిన్న సిలిండర్‌లోకి గ్యాస్ నింపించే దుకాణాలు బస్తీల్లో ఉన్నాయి. చట్టవిరుద్ధం అనేది తర్వాతి మాట, అది నడిచే గల్లీ మొత్తానికి ప్రమాదం.

బాణలిలో నూనె అంటుకుంటే స్టవ్ ఆపి మూత పెట్టేయాలి, అంతే. గాలి ఆడకపోతే మంట దానంతటదే చస్తుంది. నీళ్లు పోస్తే నూనె ఎగిరి సీలింగ్ దాకా మంట లేస్తుంది. బాణలి ఎత్తుకుని సింక్ వైపు పరిగెత్తడం ఇంకా ప్రమాదం, చేతులు, బట్టలు అంటుకునేది అప్పుడే. రంజాన్ నెలలో ఈ సంగతి ఎక్కువ గుర్తుంచుకోవాలి. ఇఫ్తార్‌కి ముందు పకోడీలు, సమోసాలు వేయిస్తూ అజాన్ టైం కోసం హడావుడి పడతారు, సెహరీకి నిద్రకళ్లతో స్టవ్ వెలిగిస్తారు. వంట చేసేటప్పుడు నైలాన్, జార్జెట్ దుపట్టా బదులు కాటన్‌ది, అదీ వెనక్కి ముడేసి వేసుకోవాలి. లోబాన్ పొగ వేసిన నిప్పుల పాత్ర కర్టెన్ల దగ్గర వదిలి నిద్రపోకూడదు. పెళ్లిళ్లలో షామియానా గుడ్డ కిందే దేగ్‌లు ఎక్కించడం మానుకోవాలి, కట్టెల నిప్పురవ్వ గాలికి లేస్తే గుడ్డని ఆపేదేమీ ఉండదు.

చాలా కుటుంబాలకు తెలియని విషయం గ్యాస్ ప్రమాద బీమా. కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటికీ చమురు కంపెనీలే బీమా చేయించి ఉంచుతాయి, వినియోగదారుడు విడిగా ప్రీమియం కట్టనక్కర్లేదు. గ్యాస్ వల్ల ప్రమాదం జరిగి మరణం సంభవిస్తే ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు (ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షలు మించకుండా), కనెక్షన్ నమోదైన ఇంట్లో ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు అడగవచ్చు. వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఇల్లు మారి కనెక్షన్ పాత చిరునామా మీదే ఉంచుకుంటే ఆస్తి నష్టం దగ్గర చిక్కు వస్తుంది, కాబట్టి చిరునామా మార్పించుకోవాలి.

ఒక ఎక్స్‌టింగ్విషర్ కొనాలనుకుంటే ఇంటికి ఏబీసీ పౌడర్ రకం సరిపోతుంది. వంటింట్లో కాకుండా, వంటింటి బయట ద్వారం పక్కన పెట్టాలి. ముల్లు పచ్చ భాగంలో ఉందో లేదో అప్పుడప్పుడు చూడాలి. పిన్ లాగి, మంట మొదట్లోకి గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. అది కొన్ని సెకన్లలోనే ఖాళీ అవుతుంది. చిన్న మంటకే పనికొస్తుంది, గది అంటుకున్నాక దాన్ని పట్టుకుని వీరత్వం చూపొద్దు.

ఫోన్ ఎలా చేయాలి

మంట చూడగానే ముందు అందరినీ లేపి బయటికి పంపాలి, ఒకరు 101కి చేయాలి. ఆర్పగలమేమో అని ప్రయత్నించి, కుదరక, అప్పుడు ఫోన్ చేయడంలోనే విలువైన సమయం పోతుంది. మంట ఆరిపోయి బండి ఊరికే వచ్చినా ఎవరూ ఏమీ అనరు. ఫోన్‌లో ఇంటి నంబర్ కంటే గుర్తులు ఎక్కువ ఉపయోగపడతాయి: బస్తీ పేరు, దగ్గరి మసీదు లేదా చౌరస్తా, ఎటువైపు నుంచి పెద్ద బండి వస్తుంది. ఏం కాలుతోంది, ఎన్నో అంతస్తు, లోపల మనుషులున్నారా, గల్లీ ఎంత ఇరుకు, ఇవి చెప్పాలి. ఇరుకని ముందే తెలిస్తే చిన్న బండ్లు, నీటి పొగమంచు చిమ్మే మోటార్‌సైకిళ్లు పంపే వీలుంటుంది. అవతలివాళ్లు పెట్టేయమనే దాకా ఫోన్ పెట్టకూడదు. తెలుగు, ఉర్దూ, ఏ భాషలో చెప్పినా సరే.

మొహల్లా వాళ్లు చేయగల సాయం ఒకటుంది. ఇద్దరు పెద్ద రోడ్డు మీదికి వెళ్లి బండికి దారి చూపాలి, మిగతావాళ్లు గల్లీలో అడ్డంగా ఉన్న బైకులు, ఆటోలు తీయాలి. ఎత్తయిన భవనాల కోసం నగరంలో 54 మీటర్ల దాకా చేరే బ్రాంటో స్కైలిఫ్ట్ ఉంది. అయితే అది నిలబడాలంటే విశాలమైన రోడ్డు కావాలి, గల్లీలోకి రాదు. మామూలు ఫైరింజన్‌కి కూడా రెండున్నర మీటర్ల దాకా జాగా ఉండాలి. రెండు వైపులా కార్లు నిలిపిన ఇరవై అడుగుల గల్లీలో ఆ జాగా మిగలదు. గుంపుగా చేరి వీడియోలు తీసేవాళ్లను వెనక్కి పంపడం కూడా సాయమే.

బయటికి వచ్చేటప్పుడు పొగ ఉంటే వంగి, నేలకు దగ్గరగా, తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని రావాలి. లిఫ్ట్ ఎక్కకూడదు. తలుపు తెరిచే ముందు చేతి వెనక వైపుతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవొద్దు. మెట్లు పొగతో నిండిపోతే వీధి వైపు కిటికీ ఉన్న గదిలోకి వెళ్లి, తలుపు మూసి, తలుపు కింద సందులో తడి బట్టలు కుక్కి, కిటికీ దగ్గర నుంచి కేకేయాలి, ఫోన్ టార్చ్ ఊపాలి. కిటికీ లేని బాత్రూంలో దాక్కోకూడదు. పిల్లలకు మంచం కింద, బీరువాలో దాక్కోవద్దని ముందే నేర్పాలి, భయపడిన పిల్లలు చేసేది అదే. ఆడవాళ్లు బుర్ఖా కోసం, చాదర్ కోసం లోపలి గదిలో వెతుకుతూ ఆగిపోయే సందర్భాలు ఉంటాయి. ఒక పెద్ద చాదర్ మెట్ల తలుపు దగ్గరే కొక్కేనికి వేలాడదీసి ఉంచితే ఆ వెతుకులాట ఉండదు. నగలు, కాగితాల కోసం మళ్లీ లోపలికి వెళ్లకూడదు. నడవలేని పెద్దవాళ్లు ఉంటే వాళ్ల పడక కింది అంతస్తులో, ద్వారానికి దగ్గరగా ఉండాలి. రాత్రి ఎవరు ఎవరిని ఎత్తుకుని దిగాలో ముందే అనుకోవాలి.

కాలిన చోట మీద కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు పారనివ్వాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీయాలి. టూత్‌పేస్ట్, సిరా, పసుపు, ఐస్ ఏవీ పెట్టకూడదు. ఒంటికి అంటుకుపోయిన బట్టను లాగకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయాలి. నగరంలో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో కాలిన గాయాలకు వైద్యం ఉంది. పొగ పీల్చినవాళ్లు బాగానే ఉన్నట్టు కనిపించినా డాక్టర్‌కి చూపించాలి, ఊపిరితిత్తుల్లో ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది.

మంటలార్పడం ఒక్కటే ఈ శాఖ పని కాదు. లిఫ్టులో ఇరుక్కున్నా, గోడ కూలినా, బావిలో పడ్డా, వరదలో చిక్కుకున్నా వీళ్లే వస్తారు. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా కింద ఉన్న డీఆర్ఎఫ్ బృందాలు కూడా నగరంలో ఈ పనులు చేస్తున్నాయి. పెద్ద జల్సాకో సభకో ఫైరింజన్‌ని ముందుగానే నిలిపి ఉంచమని దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి రుసుం ఉంటుంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన ఓడ మంటలార్పుతూ చనిపోయిన 66 మంది ఫైర్ సిబ్బంది జ్ఞాపకార్థం ఆ తేదీ. ఆ వారంలో స్కూళ్లలో, కాలనీల్లో ప్రదర్శనలు ఇస్తారు. మొహల్లా కమిటీయో, స్కూలో తమ ప్రాంత ఫైర్ స్టేషన్‌కి ఒక ఉత్తరం రాస్తే మిగతా రోజుల్లో కూడా వచ్చి నేర్పుతారు.

ప్రమాదం జరిగి, ఇంటికో దుకాణానికో నష్టం వస్తే, వచ్చిన ఫైర్ స్టేషన్ పేరు, బండి వచ్చిన సమయం రాసిపెట్టుకోవాలి. బీమా కంపెనీ అడిగే ఫైర్ అటెండెన్స్ సర్టిఫికెట్‌కి శాఖకు దరఖాస్తు చేయాలి. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు నకలు, కాలిన సామాను తీయకముందు దించిన ఫొటోలు, కొన్న బిల్లులు ఉంటే అవీ జత చేయాలి. దుకాణం బిల్లులు దుకాణంలోనే ఉంచితే సామానుతోపాటు అవీ కాలిపోతాయి. ఫోన్‌తో ఫొటో తీసి ఊళ్లో ఉన్న అన్నకో, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడికో పంపి ఉంచితే సరిపోతుంది.